పేరు చెప్పకుండా వెతికిన కాఫీ

నేను పిరికిదాన్ని. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మీకూ సుఖం, నాకూ సుఖం. సముద్రం ఒడ్డున పుట్టి సముద్రమంటే భయపడ్డాను. పెళ్ళయ్యాక మొగుడు వేటకు పోతే భయం, పోకపోతే పొయ్యి వెలగదని భయం. అందుకే ఆయన పడవ వదిలేసి ఎండుచేపల బేరంలోకి దిగినప్పుడు మా పాళెంలో అందరికంటే ఎక్కువ సంతోషించింది నేనే. నేల మీద తిరిగే మనిషికి ఏమవుతుందిలే అనుకున్నాను. నేల మీద కూడా మనుషులు పోతారని తెలియక కాదు, తలచుకోవడం ఇష్టం లేక.

మా పాళెం అల్లూరుకు తూర్పున, ఇసుక దిబ్బలు దాటాక ఉంటుంది. వారానికోసారి ఆయన ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అల్లూరు దాకా నడిచి, అక్కడ బస్సు పైకి గంప ఎక్కించి, కొడవలూరు మీదుగా నెల్లూరు పోయేవాడు. సరుకు అమ్ముకుని పొద్దుగూకేలోపు తిరిగి వచ్చేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాక కాఫీ పురాణం మొదలయ్యేది.

పంతొమ్మిదివందల అరవై దాటిన కొత్తల్లో మాట ఇది. అప్పట్లో మా పాళెంలో కాఫీ అంటే తాటిబెల్లం నీళ్ళు కాచి, అందులో చిటికెడు పొడి వేసి, ఆ పొడి అడుక్కి దిగేదాకా ఓపిక పట్టడమే. పాలు దొరికితే ఆ పూట పండగ. నెల్లూరు కాఫీ అలాంటిది కాదట.

“గోడలకంతా నిలువెత్తు అద్దాలు మే,” అనేవాడు ఆయన. “పాలరాతి బల్లలు. పైన ఫ్యాను తిరగతా ఉంటాది. కుర్చీలో కూచుంటే ముందరికి తెచ్చి పెడతాడు. మూరెడు ఎత్తునుంచి గ్లాసులోకి పోస్తాడు, ఒక్క చుక్క కింద పడదు. నురగ మీసాలకు అంటుకుంటాది. ఆ చేదు ఉండాదే, బస్సు కొడవలూరు దాటేదాకా నాలిక మీదనే ఉంటాది.”

“అయితే కొత్తల్లుడి మర్యాదలన్నమాట,” అనేదాన్ని నేను. “ఒకసారి నన్నూ తీసకపో మావా. ఆ అత్తగారిల్లేందో నేనూ చూస్తా.”

“ఆడోళ్ళు పోయే చోటు కాదులే,” అని మాట మార్చేసేవాడు. నేనూ రెట్టించేదాన్ని కాదు. ఆ రోజుల్లో మాబోటి ఆడవాళ్ళు హోటలు గడప తొక్కడం ఎక్కడా లేదు. పైగా నెల్లూరంటేనే నాకు భయం.

ఆ ఏడు వానలు పట్టే ముందు ఆయనకు జ్వరం వచ్చింది. మూడు వారాలు పాళెంలోనే కషాయాలు తాగించాం, తాయెత్తు కట్టించాం. మనిషి నులకమంచానికి అంటుకుపోయాక మా అన్న ఎడ్లబండి కట్టించాడు. నెల్లూరు పెద్దాసుపత్రిలో చూసి సన్నిపాత జ్వరమన్నారు. ఇంత ఆలస్యం చేస్తారా అని తిట్టారు. చీటీ రాసే గుమాస్తా రోగి పేరేమిటని నన్నే అడిగాడు. నేను తల దించుకుని మా అన్న వైపు చూశాను. మా అన్న చెప్పాడు.

పెళ్ళాం మొగుడి పేరు ఎత్తకూడదు. ఇది మర్యాద కోసం పెట్టిన మాట అని ఇప్పటి పిల్లలు అనుకుంటారు. మాకు అది మర్యాద కాదు, ప్రాణభయం. ఎత్తిన ప్రతిసారీ ఆయన ఆయుష్షులో కొంత తరిగిపోతుంది. మా అత్త ఒక కథ చెప్పేది. మా పాళెంలోనే ఒకామె మొగుడితో పోట్లాడి, కోపం ఆపుకోలేక, వేటకు పోతున్న మనిషిని వెనకనుంచి పేరు పెట్టి పిలిచిందట. పడవ మాత్రం మర్నాడు ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. ఆ కథ విన్నప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఆ తర్వాత నా మనసులో కూడా ఆయన పేరు అనుకోలేదు.

పది రోజులకు జ్వరం దిగింది. మా అన్న వలల పని చూసుకోవాలని పాళెం వెళ్ళిపోయాడు. గండం గడిచిందని నేను అనుకునేలోపు అసలు గండం మొదలైంది. ఆయన నోరు తెరవడు. బార్లీ నీళ్ళు ఊసేశాడు. ఆసుపత్రి పాలు వాసన చూసి మొహం తిప్పేసుకున్నాడు. మూడు రోజులు అలాగే గడిచాయి. కళ్ళు లోపలికి పోయాయి, చేతి ఎముకలు లెక్కపెట్టేటట్టున్నాయి. నాలుగో రోజు ఉదయం డాక్టరుగారు ఆయన పొట్ట చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. అది వెంటనే సర్దుకోలేదు.

“సాయంత్రం నేను రౌండుకు వచ్చేసరికి ఏదో ఒకటి లోపలికి పోవాలమ్మా. పోకపోతే ముక్కులోంచి గొట్టం వేస్తాం,” అన్నారు.

ఆయన మంచిమాటే చెప్పారని ఇప్పుడు తెలుసు. ఆ రోజు తెలియలేదు. ఆ వార్డులో నేనున్న ఇన్ని రోజుల్లో గొట్టం వేసినవాళ్ళు ఇద్దరు. ఇద్దరినీ గుడ్డ కప్పి తీసుకుపోయారు. గొట్టం వల్లనే పోయారని నేను నిశ్చయించుకున్నాను.

“ఏం తాగుతావు మావా? ఏదడిగినా తెస్తా,” అని ఆయన చెవి దగ్గర ఏడ్చాను.

చాలాసేపటికి పెదాలు కదిలాయి. “కాఫీ,” అన్నాడు. “అద్దాల హోటలు కాఫీ.”

డాక్టరుగారిని పరుగెత్తుకుంటూ పోయి అడిగాను. పాలు ఎక్కువ పోయించి పట్టు, అదైనా తాగితే చాలన్నారు. నేను తెలివి చూపించాననుకుని ఆసుపత్రి గేటు దగ్గర బండి మీద కాఫీ పట్టించి, అద్దాల హోటల్లోదేనని చెప్పి నోట్లో పోశాను. ఒక గుక్క నోట్లో ఉంచుకుని, బయటికి వదిలేశాడు. “ఇది కాదు,” అని గోడవైపు తిరిగాడు. ఇంకోసారి తప్పుడు కాఫీ తెస్తే ఈ మనిషి ఇక నోరు తెరవడని నాకు అర్థమైంది.

“ఆ హోటలు యాడుందో చెప్పు. నేనే పోయి తెస్తా.”

“నువ్వొద్దు,” అన్నాడు. “మీ అన్నను పంపు.”

“అన్న పాళెం పోయినాడు గదా. పేరేంది ఆ హోటలుకు?”

ఆయనకు చదువు రాదు, బోర్డు మీద ఏముందో తెలియదు. “బజార్లో,” అని ఒక్కమాట అని కళ్ళు మూసుకున్నాడు. నేను తప్పిపోతానని, ఎవరైనా ఏమైనా అంటారని బెంగ పడుతున్నాడనుకున్నాను.

పక్క మంచం దగ్గర కొడుకును చూసుకుంటూ ఒక ముసలమ్మ ఉండేది. అద్దకం పని చేసే సాయిబుల ఇంటి మనిషి. ఆమెను అవ్వా అని పిలిచేదాన్ని. ఆమే నా చేతిలో మూతచెంబు పెట్టింది.

“నేను చూసుకుంటాలే బిడ్డా, పోయిరా. హోటలోళ్ళను నీ మొగుడి పేరు చెప్పి అడుగు. వారంవారం పోయే మనిషి, వాళ్ళకు తెలీదా?”

“పేరెట్టా చెప్పేది అవ్వా?”

ఆమె నా మొహం చూసి నోరు మూసుకుంది. ఆమె కూడా తన మొగుడి పేరు ఎత్తి ఉండదు.

చెంబు పైటచెంగు కింద దాచుకుని బయలుదేరాను. నెల్లూరు నేను వచ్చింది అది రెండోసారి. బజారు ఎటని అడగడానికి కూడా మాట పెగల్లేదు. జట్కావాళ్ళు అరుస్తుంటే గోడకు అతుక్కుపోయేదాన్ని. ప్రతి మలుపు దగ్గర తిరిగి చూసి గుర్తులు పెట్టుకున్నాను. దారి తప్పితే నేను చేరేలోపు సాయంత్రమవుతుంది, గొట్టం వేసేస్తారు. ఇదొక్కటే తలలో తిరిగింది.

మొదటి హోటలుకు అద్దాలు కనిపించాయి. లోపల అంతా మగవాళ్ళే. గడప బయటే నిలబడ్డాను. గల్లాపెట్టె దగ్గరున్నాయన “ఏం కావాల?” అన్నాడు.

“మావాళ్ళు ఈడ కాఫీ తాగతారంట. అదే కాఫీ కావాల.”

“మావాళ్ళంటే ఎవరమ్మా?”

“పొడుగ్గా ఉంటాడు. ఎడం చేతికి రాగి కడియం. వారానికోసారి వస్తాడు.”

“పేరేంది?”

నేను నిలబడ్డాను. ఆయన చూస్తున్నాడు, బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు తాగడం ఆపి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. నేను వెనక్కి తిరిగి, చెంబు ఎముకకు తగిలేంత గట్టిగా పట్టుకుని నడిచాను. కళ్ళనీళ్ళు తుడుచుకోవడానికి కూడా ఆగలేదు.

రెండో హోటల్లో నన్ను మర్యాదగా చూశారు, అది ఇంకా కష్టమైంది. ఏ పెద్దింటి ఆడమనిషినో అనుకున్నట్టున్నారు, తెర కట్టిన గదిలో కూర్చోబెట్టి కాఫీ తెచ్చిచ్చారు. హోటలు కాఫీ తాగడం నా బతుకులో అదే మొదలు. భయంతో నోరు ఎండిపోయి రుచి తెలిస్తే ఒట్టు. ఆయన చెప్పిన గుర్తులు తలచుకున్నాను. నురగ ఉంది. చేదు సంగతి తేల్చాలని బయటికి వచ్చి నడిచాను. సందు చివరికి పోకముందే నాలిక మీద ఏమీ మిగల్లేదు. ఇక కొడవలూరు ఎక్కడ! చింతగింజలు కలిపినారేమో, వాళ్ళకే తెలియాలి.

మూడోది దొరికేసరికి ఎండ వాలింది. ఆ హోటలు ముందుకు రాగానే కాఫీ గింజలు వేగుతున్న వాసన తగిలి ఆగిపోయాను. లోపల నాలుగు గోడలకూ అద్దాలు, పాలరాతి బల్లలు, తిరుగుతున్న ఫ్యాను. ఆయన చెప్పింది చెప్పినట్టుంది. గల్లాపెట్టె దగ్గర విభూది పెట్టుకున్న పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ఈసారి గడప దాటి ఆయన ఎదుటికే పోయాను.

“అయ్యా, మా ఇంటాయన మీ హోటల్లోనే కూచోని తాగతాడు. ఆసుపత్రిలో ఉండాడు. ఆయన తాగే కాఫీనే ఇప్పించండి.”

“అందరికీ పోసేది ఒకటే కాఫీ. ఎవరాయన?”

పొడుగు, రాగి కడియం, చెవి కింద మచ్చ, అన్నీ చెప్పాను. ఆయన విసుగ్గా తల ఊపాడు. “అట్టాంటోళ్ళు రోజుకు ఎంతమంది వస్తారమ్మా! పేరు చెప్పు, లేదంటే మామూలు కాఫీ పట్టకపో.”

మామూలు కాఫీ పట్టుకుపోతే? ఆయన ఇది కాదంటే? ఇంకో హోటలు వెతకడానికి పొద్దులేదు. పేరు చెపితే ఆయుష్షు తరుగుతుంది. చెప్పకపోతే ఆ ఆయుష్షు ఈ సాయంత్రమే అయిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అమ్మోరికి మనసులోనే మొక్కుకున్నాను. తగ్గేదేదో నాలో తగ్గించమని చెప్పుకున్నాను. చెప్పుకుని, ఆయన పేరు పైకి అన్నాను.

ఇంటిపేరుతో సహా అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అన్న మరుక్షణం ఆసుపత్రిలో ఆయన ఊపిరి ఆగిపోయిందనిపించింది. అక్కడే బల్ల పట్టుకుని నిలబడ్డాను.

“ఆ పేరుగల మనిషి ఈడ కూచోని తాగినట్టు నాకు తెలీదే,” అన్నాడు పెద్దాయన.

అప్పుడు లోపలి వంటింట్లోంచి ఒక గొంతు వినిపించింది. “ఎండుచేపలాయనా? నాకు తెలుసు. ఆమెను సందులోకి రమ్మనండి సామీ.”

హోటలు పక్కన మనిషి పట్టేంత సందు. ఆ సందులో వంటింటి కిటికీ. లోపల పొయ్యిల ముందు కాఫీ మాస్టరు నిలబడి ఉన్నాడు, పంచె మోకాళ్ళ పైకి కట్టుకుని, ఒళ్ళంతా చెమట. కిటికీ బయట గోడకు ఒక మేకు, మేకు కింద చిన్న గూడు. గూట్లో ఒక గాజు గ్లాసు బోర్లించి ఉంది, దాని మీద దుమ్ము పట్టింది.

“నెల దాటింది, రాలా. యాడికి బొయినాడో అనుకుంటుండా,” అన్నాడు మాస్టరు. “ఆ గ్లాసు ఆయందే. తాగి కడిగి ఆణ్ణే పెట్టి పోతాడు.”

“లోపల కూచోడా?” అన్నాను.

ఆయన నా వైపు చూడకుండా పాలు తిప్పాడు. “చేపల గంపోళ్ళు లోపలికొస్తే జనం లేచి పోతారమ్మా. నా చేతుల్లో ఏముంది? మంచి మనిషి, ఒక్కరోజూ మాట పెంచలా. అందుకే ఆయనకు ఎప్పుడొచ్చినా ఫస్టు డికాషనే పోస్తా. కూచున్నోళ్ళకు రెండోది కలిపిందే పోతాది.”

ఆ కిటికీ దగ్గర నిలబడితే, వంటింటి తలుపు సందులోంచి హోటలు లోపలంతా కనిపిస్తుంది. అద్దాలు, బల్లలు, ఫ్యాను. కుర్చీలు. ఎంతసేపు చూసుంటాడో, ప్రతిదీ అంత సరిగ్గా చెప్పాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ హోటలు మీద కాదు, ఆయన మీద. నాకు కూడా చెప్పుకోలేకపోయావా అని. ఆ కోపం ఒక్క నిమిషం కూడా నిలవలేదు, మళ్ళీ భయమే వచ్చి కూర్చుంది. మాస్టరు చెంబు నిండా పోసి, మూత బిగించి, చేతికి వేడి తగలకుండా అరిటాకు చుట్టి ఇచ్చాడు. నేను పరుగు లాంటి నడకతో వెళ్ళాను.

వార్డు గుమ్మంలో అవ్వను చూసి ఆగిపోయాను. “ఉండాడా?” అన్నాను. అంతకంటే పెద్ద మాట రాలేదు.

“ఉండాడు లే బిడ్డా. రా.”

అవ్వ ఆయన తల ఎత్తి పట్టుకుంది. నేను మూత తీశాను. వాసనకే కళ్ళు తెరిచాడు. చెంబు వైపు చూశాడు, తర్వాత నా వైపు. అట్లాంటి చూపు ఆయన దగ్గర నేను ఎప్పుడూ చూడలేదు. వేటలో గాలివానకు చిక్కి తిరిగొచ్చిన రోజు కూడా చూడలేదు. మా ఇంట్లో భయపడే మనిషిని నేనొక్కదాన్నే అనుకుంటూ వచ్చాను. ఆ నిమిషంలో ఆయన నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు.

“యాడ దొరికింది?” అన్నాడు.

“అద్దాల హోటల్లో.”

“ఎట్టా తెచ్చినావు?”

“ఎట్టా ఏంది? లోపలికి పొయినా. ఫ్యాను కింద కూచోబెట్టినారు. నీ మనిషినని చెప్తే ఎంత మర్యాద చేసినారో.”

“కుర్చీలోనా?”

“కుర్చీలోనే.”

నా మొహంలో ఏదైనా తెలిసిపోతే ఇక ఆ కాఫీ ముట్టడని నాకు తెలుసు. అందుకే కళ్ళు తిప్పుకోకుండా, రెప్ప వేయకుండా చూశాను. నా బతుకులో అంత పచ్చి అబద్ధం అంతకుముందు ఆడలేదు. ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత నోరు తెరిచాడు. చెంచాతో పోశాను. ఒక గుక్క, రెండు గుక్కలు, కొంచెం ఆగి ఇంకొక గుక్క. మింగినప్పుడల్లా గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. డాక్టరుగారు వచ్చేసరికి చెంబు సగానికి దిగింది. గొట్టం మాట ఎత్తలేదు.

మర్నాటి నుంచి గంజి, తర్వాత మెత్తటి అన్నం. కాఫీ కోసం నేను మళ్ళీ పోలేదు, ఆయన అడగలేదు. పదిహేను రోజులకు ఇంటికి పొమ్మన్నారు. అవ్వ ఆయనకు తలస్నానం చేయించడానికి వేన్నీళ్ళు కాచిపెట్టింది. మా అన్న పంపిన తెల్ల చొక్కా తొడుక్కుని, నా భుజం మీద చెయ్యి వేసి బస్టాండుకు బయలుదేరాడు. సగం దారిలో బజారు వైపు మళ్ళాడు.

“యాడికి మావా?”

“కాఫీ తాగి పోదాం పా.”

సందులోకి తీసుకుపోతాడేమో, నాకు అంతా తెలిసిపోయిందని పసిగట్టి నిజం ఒప్పేసుకుంటాడేమో అనుకున్నాను. ఆయన సందు వైపు చూడనైనా చూడలేదు. హోటలు ముందువైపు మెట్లు ఎక్కాడు. గల్లాపెట్టె దగ్గరి పెద్దాయన తల ఎత్తాడు. గెంటేస్తారు, అందరి ముందూ గెంటేస్తారు, ఈ మనిషి తట్టుకోలేడు. జ్వరం చంపలేనిది ఇది చంపుతుందనుకున్నాను. “బస్సు పోతాది మావా, నాకు కాఫీ పడదు, వేడి చేస్తాది,” అని చొక్కా పట్టుకుని లాగాను. ఆయన వినలేదు.

పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. మా ఆయనను పైకీ కిందికీ చూశాడు, చేతి కడియం చూశాడు. ఏమీ అనలేదు. గంప లేదు, చొక్కా తెల్లగా ఉంది. అందుకేనో, జాలి పడ్డాడో నాకు తెలియదు.

మా ఆయన కుర్చీల మధ్య నిలబడి చుట్టూ చూశాడు. కూర్చోలేదు. నా వైపు తిరిగాడు.

“నువ్వు కూచునింది ఏ కుర్చీ మే?”

దగ్గరున్న కుర్చీ చూపించాను. ఆయన భుజం మీది తువాలుతో దాన్ని తుడిచి కూర్చున్నాడు. వీపు ఆనించలేదు, అంచు మీదే కూర్చున్నాడు. సర్వరు కాఫీ తెచ్చి ముందు పెట్టాడు. ఆయన గ్లాసు ఎత్తి, రెండు గుక్కలు తాగి, కళ్ళు మూసుకున్నాడు.

“నువ్వు తెచ్చిచ్చింది ఈ కాఫీ కాదు మే,” అన్నాడు మెల్లగా.

అనడానికి నా దగ్గర ఇంకో అబద్ధం లేదు. ఆయన కళ్ళు తెరిచి, నన్ను చూసి, మిగిలిన కాఫీని బల్ల మీద నా వైపుకు తోశాడు. ఎదురుగా ఉన్న కుర్చీని కాలితో కొంచెం వెనక్కి జరిపాడు.

“కూచో,” అన్నాడు. “బస్సుకు ఇంకా టైముండాది.”

నేను కూర్చున్నాను. భయంభయంగానే గ్లాసు అందుకున్నాను.